స్తెపాన్ బండేరా: ఇంకా క్లోజు కాని ఫైలు

మన సంఘం ప్రత్యేక సంచికలో ఒక ప్రముఖుని జీవితం గురించి రాయడం ఆనవాయితీగా వస్తున్నది. దేశ నాయకుల గురించీ, సంస్కర్తల గురించీ మిత్రులు ఇదివరకే చక్కగా రాశారు. ఈసారి నేను ఎన్నుకున్న మనిషి పేరు మనలో చాలామంది 2022 దాకా విని ఉండరు. ఆ ఏడాది ఫిబ్రవరి 24న రష్యా సైన్యాలు ఉక్రెయిన్ మీద దండెత్తినప్పుడు, అక్కడ డాక్టరు చదువుకు వెళ్ళిన మనుమల కోసం, మేనల్లుళ్ళ కోసం ఎందరి ఇళ్ళలోనో రాత్రింబవళ్ళు టీవీ కట్టెయ్యలేదు. తెర్నోపిల్, ఇవానో ఫ్రాంకివ్‌స్క్, ల్వీవ్ వంటి ఊళ్ళ పేర్లు అప్పుడే మన నోట పలికాయి.

ఆ వార్తల్లోనే పదే పదే వినవచ్చిన పేరు బండేరా. రష్యావారు ఉక్రెయిన్ సైనికులను తిట్టాలనుకుంటే బండేరా మనుషులని తిడతారు. ఉక్రెయిన్ కుర్రవాళ్ళు సీసాల్లో పెట్రోలు పోసి నిప్పంటించి విసిరే బాంబులకు సరదాగా బండేరా పేరే తగిలించారు. ఇక పోలండ్ వారి సంగతి. లక్షలాది ఉక్రెయిన్ ఆడవాళ్ళనూ పిల్లలనూ తమ ఇళ్ళలో పెట్టుకుని అన్నం పెట్టిన ఆ దేశంలో ఈ పేరెత్తితే ముఖం ముడుచుకుంటారు. 1959లో చనిపోయిన ఒక మనిషి పేరు మూడు దేశాల్లో ఇంకా ఇలా రగులుతూ ఉండడానికి కారణమేమిటా అని దొరికిన పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను.

నాది గుమాస్తా బుద్ధి. ఒక ఉద్యోగి మీద నాలుగు ఆఫీసుల నుంచి నాలుగు రకాల రిపోర్టులు వస్తే, ముందుగా సర్వీసు రిజిస్టరు తెప్పించి తేదీలు చూడమని మా పాత సూపరింటెండెంటుగారు నేర్పారు. ఎవరు ఏ రోజున ఎక్కడున్నారు, ఏ కాగితం మీద ఎవరి సంతకం ఉన్నది అనేవి తేలితే సగం గొడవ తీరుతుందని ఆయన చెప్పేవారు. బండేరా విషయంలో తేదీలన్నీ తేలిన తర్వాతనే అసలు గొడవ మొదలవుతుంది.

ఆయన 1909 జనవరి 1న గలీసియా ప్రాంతంలోని స్తారీ ఉహ్రినివ్ అనే పల్లెటూరిలో పుట్టారు. అప్పుడది ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యంలో భాగం. తండ్రి ఆంద్రీ బండేరా గ్రీక్ కాథలిక్ చర్చిలో పురోహితుడు. ఆ చర్చి పురోహితులు పెళ్ళి చేసుకోవచ్చు. తల్లి, ఆయన చిన్నతనంలోనే క్షయవ్యాధితో పోయింది. పల్లెల్లో పురోహితుని ఇల్లంటే చదువు, భాష, జాతీయ భావం అన్నీ అక్కడే. ఆ ప్రాంతం సంగతి ఒక్క ల్వీవ్ నగరం పేరు చూస్తేనే తెలుస్తుంది. జర్మను వారికది లెంబర్గ్, పోలిష్ వారికి ల్వూఫ్, రష్యన్లకు ల్వోవ్, ఉక్రేనియన్లకు ల్వీవ్. ఊళ్ళో పోలిష్ వారు ఎక్కువ, తర్వాత యూదులు, చుట్టూ పల్లెల్లో ఉక్రేనియన్లు. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డులు మారేవి.

మొదటి ప్రపంచయుద్ధంలో సామ్రాజ్యం కూలిపోయింది. 1918 నవంబరు 1న ఉక్రేనియన్లు ల్వీవ్‌లో తమ రాజ్యం ప్రకటించుకున్నారు. పోలిష్ వారు అది తమ నగరమన్నారు. యుద్ధం జరిగింది. 1919 వేసవికల్లా ఉక్రేనియన్లు ఓడిపోయారు. పోలిష్ వారికి రాజ్యం వచ్చింది, చెక్కులకు వచ్చింది, వీరికి మాత్రం రాలేదు. గలీసియా పోలండ్ చేతిలో, తూర్పు ఉక్రెయిన్ బోల్షివిక్కుల చేతిలో పడ్డాయి. అప్పటికి బండేరా పదేళ్ళ పిల్లవాడు. ఓడిపోయిన తరం ఇంటికొచ్చి కూర్చుంటే, ఆ కథలు విని పెరిగిన తరం ఆయనది.

స్త్రీయ్ పట్టణంలో హైస్కూలు చదివి, 1928లో ల్వీవ్ పాలిటెక్నిక్‌లో వ్యవసాయశాస్త్రంలో చేరారు. ఆ చదువు ఎన్నడూ పూర్తికాలేదు. మనిషి పొట్టి, కీళ్ళనొప్పుల శరీరం. రేపు పోలీసులు చిత్రహింసలు పెడితే తట్టుకోవాలని గోళ్ళ కింద సూదులు గుచ్చుకుని సాధన చేసేవారని అనుచరులు చెప్పే కథ ఒకటుంది. నిజమో కాదో గాని, ఆ సంస్థలో ఎటువంటి మనిషిని ఆదర్శంగా నిలబెట్టారో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఆ సంస్థ పేరు ఉక్రెయిన్ జాతీయవాదుల సంస్థ. 1929లో వియన్నాలో పుట్టింది. దాని స్థాపకుడు కొనొవాలెత్స్ అనే పాత సైనికాధికారి. అర్జీలు, సభలు, ఎన్నికలు వీరికి పనికిరావు. రహస్య దళాలు, తుపాకులు, ఒకే నాయకుడు, ఒకే జాతి. ఆ రోజుల్లో ఇటలీలో ముస్సోలినీ నడుపుతున్న బాణీ వీరికి నచ్చింది. ఇది దాచవలసిన సంగతి కాదు, వారి కాగితాల్లోనే ఉన్నది. అలాగే వారికి కోపం రావడానికి కారణాలు లేకపోలేదు. 1930లో పోలండ్ ప్రభుత్వం గలీసియా పల్లెల మీదికి పోలీసులనూ గుర్రపు దళాలనూ పంపి, సహకార సంఘాలనూ పఠన మందిరాలనూ ధ్వంసం చేయించి, రైతులను కొరడాలతో కొట్టించింది. సరిహద్దుకు అవతల, 1932-33లో స్టాలిన్ ప్రభుత్వం ధాన్యమంతా ఊడ్చుకుపోగా ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలికి మాడి చనిపోయారు. ముప్పై అయిదు లక్షలకు తక్కువ ఉండరని చరిత్రకారుల లెక్క. మన కుర్రతనంలో లైబ్రరీల్లో చదివిన సోవియట్ భూమి పత్రికలో ట్రాక్టర్లూ గోధుమ చేలూ కనిపించేవే గాని ఈ కరువు ఊసు ఎక్కడా ఉండేది కాదు.

1933లో, ఇరవైనాలుగేళ్ళ వయసులో, బండేరా స్వదేశ విభాగానికి అధిపతి అయ్యారు. ఆ ఏడాది అక్టోబరులో కరువుకు ప్రతీకారంగా ల్వీవ్‌లోని సోవియట్ కాన్సలేటులో ఒక ఉద్యోగిని కాల్చి చంపించారు. 1934 జూన్ 15న వార్సాలో పోలండ్ హోంమంత్రి పియెరాత్స్కీని ఆ సంస్థ మనిషే కాల్చి చంపాడు. తర్వాత నెలలో ఇవాన్ బాబీ అనే హైస్కూలు హెడ్మాస్టరును చంపారు. ఆయన పోలిష్ వాడు కాదు, ఉక్రేనియనే. పిల్లలను ఈ రహస్య దళాల్లో చేరవద్దని అడ్డుపడడమే ఆయన తప్పు. గ్రీక్ కాథలిక్ చర్చికి పెద్ద అయిన మెట్రోపాలిటన్ షెప్తిత్స్కీ ఈ హత్యను కఠినంగా ఖండించారు. విదేశాల్లో సురక్షితంగా కూర్చుని ఇక్కడి పిల్లల చేత హత్యలు చేయిస్తున్న నాయకులను ఆయన తప్పుపట్టారు. ఈ షెప్తిత్స్కీగారి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తారు.

మంత్రి హత్యకు ముందురోజే బండేరా పట్టుబడ్డారు. కాల్చినవాడు సరిహద్దు దాటి తప్పించుకుని ఎన్నడూ చిక్కలేదు. వార్సాలో 1935 నవంబరు నుంచి 1936 జనవరి దాకా పన్నెండుగురి మీద విచారణ నడిచింది. బండేరా పోలిష్ భాష వచ్చినా మాట్లాడనని మొండికేశారు. మరణశిక్ష వేసి, దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ తర్వాత ల్వీవ్‌లో రెండో విచారణలో మాత్రం ఆయన నోరు విప్పి, హత్యలకు ఆజ్ఞ ఇచ్చింది తానేనని ఒప్పుకున్నారు. ఈ రెండు విచారణలతోనే ఆయన పేరు ఇంటింటికీ తెలిసింది. తుపాకీ పేల్చిన మనిషిని కాక, ఆజ్ఞ ఇచ్చిన మనిషిని అసలు దోషిగా చూసిన కేసు ఇది. ఈ సంగతి కూడా గుర్తుంచుకుంటే ముందు పనికొస్తుంది.

జైల్లో అయిదేళ్ళు గడిచాయి. ఈలోగా 1938లో సోవియట్ ఏజెంటు ఒకడు కొనొవాలెత్స్‌కు రోటర్‌డామ్‌లో చాక్లెట్ల పెట్టె కానుకగా ఇచ్చాడు. అందులో బాంబు. నాయకుడి స్థానం ఖాళీ అయింది. 1939 సెప్టెంబరులో జర్మనీ పోలండ్ మీద పడగానే జైలు కాపలాదారులు పారిపోయారు, బండేరా బయటపడ్డారు. పశ్చిమ ఉక్రెయిన్‌ను స్టాలిన్ ఆక్రమించుకోవడంతో ఆయన జర్మనుల ఏలుబడిలోని క్రాకో నగరం చేరుకున్నారు. అప్పటి నుంచి చనిపోయే దాకా ఆయన జీవితమంతా పరాయి నేల మీదనే గడిచింది.

1940లో సంస్థ రెండుగా చీలింది. పెద్దవాళ్ళు ఆంద్రీ మెల్నిక్ అనే నాయకుని వెంట, కుర్రకారు బండేరా వెంట. ఒకరినొకరు చంపుకునే దాకా పోయింది. ఇరుపక్షాలూ నమ్ముకున్నది మాత్రం జర్మనీనే. శత్రువుకు శత్రువు మిత్రుడన్న లెక్క. మనకు వెంటనే నేతాజీ గుర్తుకు రావడం సహజం. ఆయన కూడా 1941 ఏప్రిల్‌లో బెర్లిన్ చేరుకున్నారు. నాకూ ఆ పోలిక తోచింది గాని ఎంతో దూరం నడవలేదు. నేతాజీ తన దేశంలో పక్కింటివాణ్ణి వెళ్ళగొట్టాలని ఎన్నడూ కాగితం రాయలేదు. బండేరా వర్గం రాసింది.

1941 ఏప్రిల్‌లో క్రాకోలో జరిగిన మహాసభలో యూదులను సోవియట్ పాలనకు అండగా నిలిచినవారిగా తీర్మానించారు. చెయ్యెత్తి సలాము చేసే పద్ధతి, ఎరుపు నలుపు జెండా అక్కడివే. ఆ తర్వాత యుద్ధకాలంలో ఏం చేయాలో చెప్పే ఒక సూచనల పత్రం తయారయింది. బండేరా, స్తెత్స్కో, షుఖెవిచ్, లెంకావ్‌స్కీ, ఈ నలుగురూ కలిసి చేసినది. పోలిష్ వారిలో, యూదుల్లో, రష్యన్లలో తమకు అడ్డువచ్చేవారిని తొలగించాలనీ, పోలీసు దళాలు ఎలా ఏర్పరచాలనీ అందులో ఉన్నది. బండేరా చేతికి రక్తం అంటిందా లేదా అని వాదించేవారు ఆయన జైలు తేదీలు చూపిస్తారు. నేను మాత్రం ముందు ఈ పత్రం తేదీ చూస్తాను. అప్పటికి ఆయన ఏ జైల్లోనూ లేరు.

జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దాడి మొదలుపెట్టాడు. ల్వీవ్ వదిలి వెళ్ళేముందు సోవియట్ రహస్య పోలీసులు జైళ్ళలో ఉన్న వేలమంది ఖైదీలను చంపేసి పోయారు. జూన్ 30న జర్మను సైన్యంతో పాటు బండేరా మనుషులూ ఊళ్ళోకి వచ్చారు. ఆ సాయంత్రమే స్తెత్స్కో స్వతంత్ర ఉక్రెయిన్ రాజ్యాన్ని ప్రకటించాడు, బండేరా నాయకత్వంలో, జర్మనీతో చేతులు కలిపి పనిచేస్తామని. ఆ రోజునే జైళ్ళ తలుపులు తెరిచి, కుళ్ళిన శవాలు చూసి, నెపం యూదుల మీద వేశారు. ఖైదీలను చంపింది స్టాలిన్ పోలీసులు. వీధుల్లో బట్టలు ఊడదీసి కొట్టి చంపింది చెప్పులు కుట్టేవాళ్ళనూ పంతుళ్ళనూ వాళ్ళ పెళ్ళాం బిడ్డలనూ. వేలమంది పోయారు. జర్మనులు రెచ్చగొట్టారు, ఊరి జనం పాల్గొన్నారు, బండేరా వర్గం ఏర్పరచిన పోలీసు దళం ముందుండి నడిపింది. స్వాతంత్ర్య ప్రకటన, ఈ ఊచకోత ఒకే ఊళ్ళో ఒకే రోజుల్లో జరిగాయి. ఒకదాన్ని పండుగ చేసుకుని ఇంకొకదాన్ని మరిచిపొమ్మంటే యూదులు ఎలా ఒప్పుకుంటారు?

బండేరా ఆ రోజు ల్వీవ్‌లో లేరు. జర్మనులు ఆయన్ను రానివ్వలేదు. హిట్లర్‌కు కావలసింది ఉక్రెయిన్ గోధుమలే గాని ఉక్రెయిన్ రాజ్యం కాదు. జూలై మొదట్లోనే బండేరాను బెర్లిన్ తీసుకుపోయి, ఆ ప్రకటన వెనక్కి తీసుకోమన్నారు. ఆయన తీసుకోలేదు. సెప్టెంబరులో జైల్లో వేశారు. తర్వాత జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో ముఖ్య ఖైదీలను ఉంచే విభాగంలో 1944 సెప్టెంబరు దాకా ఉంచారు. మామూలు ఖైదీల నరకం కాదది, అయినా నిర్బంధమే.

ఆ ఇంటి మీద పడిన కష్టాలు చదువుతుంటే నాకు కొంతసేపు పుస్తకం మూసేయాలనిపించింది. తండ్రి ఆంద్రీని సోవియట్ పోలీసులు కీవ్ తీసుకుపోయి 1941 జూలై 10న కాల్చి చంపారు. చెల్లెళ్ళు ఒక్కొక్కరూ సైబీరియా పాలయ్యారు. తమ్ముళ్ళు ఒలెక్సాందర్, వసీల్ 1942లో జర్మనుల ఆష్విట్జ్ శిబిరంలో చనిపోయారు. ఇంకో తమ్ముడు బొహ్దాన్ ఏమయ్యాడో తెలియనే లేదు. ఒకే ఇంటిని స్టాలినూ హిట్లరూ ఇద్దరూ పంచుకుని నాశనం చేశారు. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డ జాతి కథంతా ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నది. ఉక్రెయిన్‌లో పశ్చిమ జిల్లాలవారు ఆయనను ఎందుకు తలుచుకుంటారో ఇది తెలియకపోతే అర్థం కాదు.

ఆయన శిబిరంలో ఉండగానే, 1942 చివరికి ఆయన వర్గంవారు తిరుగుబాటు సైన్యం తయారు చేశారు. జర్మనులతోనూ, సోవియట్ గెరిల్లాలతోనూ పోరాడిన సైన్యం అది. అదే సైన్యం 1943లో వొల్హీనియా ప్రాంతంలోని పోలిష్ గ్రామాల మీద పడింది. జూలై 11, ఆదివారం, ఒకే రోజున సుమారు వంద గ్రామాల మీద దాడి జరిగింది. చర్చిలో ప్రార్థనలో ఉన్నవాళ్ళను కూడా వదలలేదు. గొడ్డళ్ళు, కొడవళ్ళు, పారలు. రైతుల పనిముట్లే ఆయుధాలు. వొల్హీనియా, తూర్పు గలీసియాలలో కలిపి 1945 దాకా చనిపోయిన పోలిష్ వారు 50 వేల నుంచి లక్ష దాకా ఉంటారని అంచనాలు. ప్రతీకారంగా పోలిష్ దళాలు చంపిన ఉక్రేనియన్లు పది, ఇరవై వేల దాకా ఉంటారు. ఈ దాడులను నడిపించింది క్ల్యాచ్‌కివ్‌స్కీ, ఆ తర్వాత షుఖెవిచ్. బండేరా ఆజ్ఞ ఇచ్చినట్లు కాగితం ఏదీ లేదు. ఇవ్వగల స్థితిలో కూడా ఆయన లేరు. కాని చంపినవారిని అక్కడి జనం పిలిచింది ఆయన పేరుతోనే. సైన్యం పేరుతో పిలవలేదు, సేనాపతి పేరుతోనూ పిలవలేదు.

అదే కాలంలో ల్వీవ్‌లో మెట్రోపాలిటన్ షెప్తిత్స్కీ ఉన్నారు. చక్రాల కుర్చీలో కదలలేని ముసలివారు. నిజం చెప్పాలంటే 1941లో ఆయన కూడా జర్మను సైన్యాన్ని స్వాగతించినవారే. కాని జరుగుతున్నది చూశాక యూదు పిల్లలను, కొందరు రబ్బీలను తన మఠాల్లోనూ ఆశ్రమాల్లోనూ దాచిపెట్టించారు. నూరుమందికి పైగా అలా బ్రతికారు. 1942 నవంబరులో హత్య మహాపాపమని, రాజకీయ హత్య చేసినా మతబహిష్కారమేనని చర్చిలన్నిటా చదివించేలా లేఖ రాశారు. జాతి మీద ప్రేమ ఆయనకు బండేరా కంటే తక్కువేమీ లేదు. మరి ఉక్రెయిన్ వీధుల్లో ఎవరి విగ్రహాలు ఎక్కువ లేచాయో చూస్తే నాకు దిగులనిపిస్తుంది.

1944 సెప్టెంబరులో, సోవియట్ సైన్యం ముందుకు తోసుకొస్తుంటే, పనికొస్తాడేమోనని జర్మనులు బండేరాను వదిలిపెట్టారు. యుద్ధం అయ్యాక ఆయన మ్యూనిక్‌లో స్తెఫాన్ పోపెల్ అనే దొంగ పేరుతో, భార్య యారొస్లావా, ముగ్గురు పిల్లలతో కాపురం ఉన్నారు. బ్రిటిష్ గూఢచారి సంస్థ కొంతకాలం ఆయన మనుషులను విమానాల్లో తీసుకుపోయి సోవియట్ భూభాగంలో దించింది. 1954లో ఆ తెగతెంపులూ అయిపోయాయి. ప్రవాసంలోనూ పార్టీ చీలికలు, కాట్లాటలే.

స్వదేశంలో మాత్రం అడవుల్లో, నేలమాళిగల్లో దాక్కుని ఆయన పేరు మీద పోరాడినవారు 1950ల మొదటి భాగం దాకా లొంగలేదు. షుఖెవిచ్ 1950 మార్చి 5న ల్వీవ్ దగ్గర చంపబడ్డాడు. సోవియట్ లెక్కల ప్రకారమే ఈ అణచివేతలో లక్షన్నర మంది చనిపోయారు, రెండు లక్షల మందికి పైగా సైబీరియాకూ ఇతర చోట్లకూ తరలించబడ్డారు. అన్నం పెట్టిన ఇల్లు, పెట్టినట్టు అనుమానం వచ్చిన ఇల్లు, అన్నీ. తిరుగుబాటుదారులు కూడా సోవియట్‌కు పనిచేశారని బడిపంతుళ్ళనూ సమష్టి క్షేత్రం అధ్యక్షులనూ చంపారు. పోలండ్ ప్రభుత్వం 1947లో తన సరిహద్దులో మిగిలిన లక్షా నలభై వేల మంది ఉక్రేనియన్లను రైళ్ళలో ఎక్కించి పడమటి జిల్లాలకు చెదరగొట్టింది. ఇలా ప్రతివారి దగ్గరా తమ తమ చనిపోయినవాళ్ళ జాబితా ఉన్నది, ఎదుటివాళ్ళ జాబితా మాత్రం ఎవరూ పూర్తిగా చదవరు.

ఇక ఆయన చావు. ల్వీవ్ దగ్గర పల్లెలో పుట్టిన బొహ్దాన్ స్తాషిన్‌స్కీ అనే విద్యార్థి 1950లో టిక్కెట్టు లేకుండా రైల్లో ప్రయాణం చేస్తూ దొరికిపోయాడు. అతని అక్కచెల్లెళ్ళు తిరుగుబాటుదారులకు సాయం చేసేవారు. ఆ సంగతి తెలిసిన సోవియట్ పోలీసులు కుటుంబాన్ని చూపించి బెదిరించి అతన్ని తమవాడిని చేసుకున్నారు. సయనైడ్ విషాన్ని పొగలా ముఖం మీద చిమ్మే చిన్న గొట్టం లాంటి ఆయుధం ఇచ్చారు. 1957 అక్టోబరులో లెవ్ రెబెత్ అనే ప్రవాస నాయకుని మీద దాన్ని ప్రయోగిస్తే, డాక్టర్లు గుండెపోటన్నారు. 1959 అక్టోబరు 15 మధ్యాహ్నం బండేరా బజారు నుంచి టొమాటోలు కొనుక్కుని ఇంటికొచ్చి, తాళం తీస్తుండగా, చుట్టిన వార్తాపత్రికలో ఆ ఆయుధం పెట్టుకుని స్తాషిన్‌స్కీ మెట్ల మీద ఎదురయ్యాడు. ఆస్పత్రికి చేరేలోగా బండేరా ప్రాణం పోయింది. వయసు యాభై.

స్తాషిన్‌స్కీ తూర్పు జర్మనీ అమ్మాయిని పెళ్ళాడాడు. ఆమెకు నిజం చెప్పేశాడు. 1961లో వారి పసిబిడ్డ చనిపోతే అంత్యక్రియలకని బెర్లిన్ వెళ్ళనిచ్చారు. ఆగస్టు 12న భార్యాభర్తలిద్దరూ పశ్చిమ బెర్లిన్‌లోకి జారుకున్నారు. మర్నాడే ఆ నగరం మధ్య గోడ లేచింది. అతను తనంతట తానుగా రెండు హత్యలూ ఒప్పుకున్నాడు. 1962 అక్టోబరులో కార్ల్‌స్రూ కోర్టు ఎనిమిదేళ్ళ శిక్ష మాత్రమే వేసింది. అసలు హంతకులు మాస్కోలో కూర్చుని ఆజ్ఞ ఇచ్చినవారు, ఇతను సాయపడినవాడు మాత్రమే అన్నది తీర్పు. ఆ తీర్పును పట్టుకునే తర్వాతి ఏళ్ళలో ఎందరో నాజీ నేరస్థులు, మేమూ పైవారి ఆజ్ఞ పాటించినవాళ్ళమేనని చిన్న శిక్షలతో బయటపడ్డారు.

నాకు ఈ జీవితంలో అన్నిటికన్నా ఆలోచన కలిగించింది ఇదే. వార్సా కోర్టు ఆజ్ఞ ఇచ్చినవాడే దోషి అన్నది, ఆయన అప్పుడు నిందితుడు. కార్ల్‌స్రూ కోర్టు కూడా అదే అన్నది, ఆయన అప్పుడు బాధితుడు. వొల్హీనియాలో మాత్రం ఆజ్ఞ ఆయనది కాదు, చెయ్యి ఆయనది కాదు, పేరు ఆయనది, నేర్పిన పాఠం ఆయనది. మన ఆఫీసుల్లో పైఅధికారి సెలవులో ఉండగా కింది విభాగంలో తప్పు జరిగితే సంజాయిషీ ఎవరిని అడుగుతారో మనకు తెలుసు. అంతకు ముందు అధికారి జారీ చేసిన సర్క్యులరు ప్రకారమే చేశామని కిందివారు చెబితే, సెలవు చీటీ ఆయన్ను కాపాడదు. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోని మిత్రులు ఉంటారు. ఇంకో సంగతి. శిబిరం నుంచి బయటికొచ్చాక ఆయన పదిహేనేళ్ళు బతికారు, ఎంతో రాశారు. పోలిష్ పల్లెల గురించి గాని, ల్వీవ్ యూదుల గురించి గాని తప్పయిపోయిందన్న మాట ఒక్కటి ఎక్కడా రాయలేదు. సెలవు నుంచి డ్యూటీలో చేరిన అధికారి ఆ ఫైలు తెరవనే లేదన్నమాట.

1991లో ఉక్రెయిన్ స్వతంత్రమయ్యాక పడమటి ఊళ్ళలో విగ్రహాలు లేచాయి. 2007లో ల్వీవ్‌లో పెద్ద విగ్రహం పెట్టారు. 2010 జనవరి 22న అధ్యక్షుడు యుష్చెంకో, పదవి దిగిపోబోతూ, ఆయనకు ఉక్రెయిన్ వీరుడు బిరుదు ఇచ్చారు. యుష్చెంకో తండ్రి ఎర్రసైన్యంలో పోరాడి ఆష్విట్జ్‌లో ఖైదీగా ఉన్నవారు. ఆ నెల తిరగగానే యూరోపియన్ పార్లమెంటు విచారం ప్రకటించింది. ఏప్రిల్‌లో దొనెత్స్క్ కోర్టు ఆ బిరుదు చెల్లదన్నది. కారణం వింటే మన ఆడిట్ వారు గుర్తుకొస్తారు: ఆ బిరుదు ఉక్రెయిన్ పౌరులకే ఇవ్వాలి, బండేరా ఎన్నడూ ఉక్రెయిన్ పౌరుడు కాదు. ఆ దేశం కోసం జీవితమంతా పెట్టిన మనిషికి ఆ దేశ పౌరసత్వం లేకపోవడమేమిటంటే, ఆ దేశం పుట్టకముందే ఆయన పోయారు. 2011లో బిరుదు రద్దయింది. హత్యల మాట, ఊచకోతల మాట ఆ తీర్పులో చర్చకు రానే లేదు. 2016లో కీవ్‌లో మాస్కో వీధి పేరు తీసి బండేరా వీధి అని పెట్టారు. అదే జూలైలో పోలండ్ పార్లమెంటు వొల్హీనియా హత్యలను జాతి నిర్మూలనగా ప్రకటించింది. అదే నెలలో ఉక్రెయిన్ అధ్యక్షుడు పోరొషెంకో వార్సాలో ఆ మృతుల స్మారకం ముందు మోకరిల్లారు.

2022 దాడిని రష్యా నాజీలను ఏరివేసే పని అన్నది. ఎన్నికైన ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ యూదు కుటుంబంవారు. బండేరా వారసుల పార్టీలకు ఎన్నికల్లో దేశవ్యాప్తంగా ఎన్నడూ పెద్ద బలం రాలేదు. పక్కదేశం మీద బాంబులు వేయడానికి అరవై ఏళ్ళ కింద చనిపోయిన మనిషిని సాకుగా చూపడం అన్యాయం. ఆ అన్యాయానికి ఫలితం ఇంకోటి కూడా ఉన్నది. అంతకు ముందు బండేరా పేరు పట్టని తూర్పు జిల్లాలవారు కూడా, రష్యావారికి ఇంత మంట పుట్టించే మనిషి మంచివాడే అయి ఉండాలని అనుకోసాగారు. ఎవరు తిడుతున్నారో చూసి మనిషికి మార్కులు వేయడం ఎక్కడైనా ఉన్నదే. ఆ వేసవిలోనే జర్మనీలోని ఉక్రెయిన్ రాయబారి ఒక ఇంటర్వ్యూలో బండేరాను వెనకేసుకొచ్చి, పోలండ్‌కూ ఇజ్రాయెల్‌కూ కోపం తెప్పించారు. ఆ రాయబారి పేరు ఆంద్రీ మెల్నిక్, అంటే బండేరా బద్ధశత్రువు పేరే. 2023 జనవరి 1న బండేరా జయంతి అని ఉక్రెయిన్ పార్లమెంటు పెట్టిన సందేశం పోలండ్ అభ్యంతరంతో తీసివేయవలసి వచ్చింది. తుపాకులూ ఆశ్రయమూ ఇస్తున్న పొరుగువారి మాట కాదనలేరు గదా.

మ్యూనిక్ శ్మశానంలో ఆయన సమాధి మీది శిలువను గుర్తుతెలియనివారు పలుసార్లు పాడుచేశారు. ఎవరో మళ్ళీ పూలు పెడుతూనే ఉన్నారు.

పోలిష్ వారు ఏళ్ళ తరబడి అడుగుతున్నది బిరుదుల రద్దు కన్నా చిన్నది. తమ వాళ్ళ ఎముకలు తవ్వి తీసుకుని, పేరుతో శిలువ వేసి పాతిపెట్టుకోనివ్వమని. 2017 నుంచి ఉక్రెయిన్ అనుమతి నిలిపివేసింది, పోలండ్‌లో ఉక్రెయిన్ సైనికుల స్మారకాలు పగలగొడుతున్నారని. 2024 నవంబరులో ఇక అడ్డులేదని రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి. 2025 వసంతంలో తెర్నోపిల్ జిల్లాలో పుజ్నికి అనే చోట తవ్వారు. అక్కడ 1945 ఫిబ్రవరిలో ఒక రాత్రి తిరుగుబాటు సైన్యం చేతిలో చనిపోయిన పోలిష్ గ్రామస్థుల గోతులు ఉన్నాయి. ఆ గ్రామమే ఇప్పుడు లేదు, చెట్లు మొలిచాయి. నలభై మందికి పైగా మనుషుల అస్థికలు బయటపడ్డాయి. వాటిలో పిల్లలవీ ఉన్నాయి. ఆ సెప్టెంబరులో, యుద్ధం జరుగుతుండగానే, రెండు దేశాల ప్రతినిధులూ నిలబడి చూస్తుండగా, వాటిని పెట్టెల్లో పెట్టి అక్కడే పాతిపెట్టారు. ఇతర గ్రామాల దరఖాస్తులు ఇంకా వరుసలో ఉన్నాయి.